మస్టరులో లేని చావులు, బోనెక్కిన ప్రధానమంత్రి

పండుగకు ఊళ్లకు వచ్చిన మన సభ్యులు కొందరు అరసికెరెలో ఒకచోట కూర్చున్నప్పుడు మాటల్లో ఒక సంగతి వచ్చింది. ఫిలిప్పీన్స్ మాజీ అధ్యక్షుడు రోడ్రిగో డ్యుటెర్టేను 2025 మార్చి 11న మనీలా విమానాశ్రయంలో అరెస్టు చేసి, ఆ రోజే విమానమెక్కించి నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరానికి పంపిన సంగతి అది. "దేశాన్ని ఏలినవాణ్ణి ఎక్కడో ఉన్న కోర్టు ఎట్లా పట్టుకుంటుందన్నా?" అని ఒకరు అడిగారు. "పట్టుకోనీ, పోనీ. మనకేమొస్తుంది? పత్రికలో బోనసు గురించి రాయండి, పి.ఎఫ్. గురించి రాయండి" అని ఇంకొకరు అందుకున్నారు.

రెండో మాటకే ముందు జవాబు చెప్పాలి. దేశాధినేతలను నేరస్తులుగా నిలబెట్టి విచారించిన తొలి పెద్ద కేసులలో ఒకదానిలో చచ్చినవారి పక్షాన మన తెలుగు కూలీలు ఉన్నారు. ఆ సంగతి మనలో చాలామందికి తెలియదు. ఆ కోర్టుకు కూడా సరిగా తెలియలేదు.

రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సైన్యం 1942 ఫిబ్రవరి 15న సింగపూరును లొంగదీసుకుంది. మలయా అంతా దాని చేతికి చిక్కింది. బర్మాలోని తన సైన్యానికి సముద్రం మీద సరుకు పంపితే శత్రువుల జలాంతర్గాములు ముంచుతున్నాయి. అందుకని థాయ్‌లాండ్‌లోని బాన్‌పాంగ్ నుంచి బర్మాలోని తాన్‌బ్యుజయాత్ దాకా కొండలు తొలిచి, అడవులు నరికి 415 కిలోమీటర్ల రైలుమార్గం వెయ్యాలని తలపెట్టారు. అంతకుముందు బ్రిటిషువారు అదే దారి చూసి, కష్టమని వదిలేశారు. జపానువారు దానిని 1943 అక్టోబరు నాటికి, సుమారు పదహారు నెలల్లో పూర్తి చేశారు. యంత్రాలతో కాదు, మనుషులతో.

యుద్ధంలో పట్టుబడిన బ్రిటిష్, ఆస్ట్రేలియా, డచ్చి, అమెరికన్ సైనికులు 60,000 మందికి పైగా అక్కడ పనిచేశారు. వారిలో 12,000 మందికి పైగా చనిపోయారు. సినిమాలు తీసింది వారి గురించే. పుస్తకాలు వచ్చింది వారి గురించే. వారికంటె ఎన్నో రెట్లు ఎక్కువగా అక్కడ పనిచేసినవారు ఆసియా కూలీలు. బర్మావారు, జావావారు, చైనావారు, మలయా వారు, మలయా రబ్బరు తోటల్లోని దక్షిణ భారత కూలీలు. ఆ తోటల్లో అరవవారే ఎక్కువ. అయితే విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి కంగాణీల వెంట ఓడెక్కిన తెలుగువారు కూడా తక్కువేమీ లేరు. మా పావగడ వైపు నుంచి ఎవరైనా అటు పోయారని మేము చెప్పబోవటం లేదు. మా వాళ్లు కరువు తగిలితే బెంగళూరు మిల్లుల గేట్ల దగ్గర నిలబడ్డారు. తీరం వాళ్లు ఓడరేవులో నిలబడ్డారు. అంతే తేడా.

తోటల్లో జపానువారు ప్రకటించినది ఏమిటి? మూడు నెలల పని. రోజుకు ఒక డాలరు కూలి. తిండి, వసతి, మందులు ఉచితం. మూడు నెలలు కాగానే తిరుగు ప్రయాణం. యుద్ధంతో రబ్బరు కొనేవాడు లేక తోటలు మూతపడి, బియ్యానికి కరువొచ్చిన రోజులవి. కొందరు నమ్మి వెళ్లారు. పెళ్లాం పిల్లలను వెంట తీసుకుపోయినవారూ ఉన్నారు. జనం రావటం తగ్గాక తోటకు ఇంతమంది అని లెక్క కట్టి పట్టుకుపోయారు. ఉచితంగా సినిమా చూపిస్తామని పిలిచి, తలుపులు మూసి, అటునుంచి అటే తరలించారని బతికొచ్చినవారు చెప్పారు. మూడు నెలలు కాగానే ఎవరినీ తిరిగి పంపలేదు. 1943 వానాకాలంలో కలరా వచ్చింది. కూలీల శిబిరాల్లో డాక్టరు లేడు, మరిగించిన నీళ్లు లేవు, మరుగుదొడ్లు లేవు. అడవిలో గుంటలు తవ్వి పూడ్చారు, కొన్నిచోట్ల కాల్చారు.

బందీ సైనికులకూ మన కూలీలకూ మధ్య ఒక తేడాను సంఘం మనుషులుగా మనం ప్రత్యేకంగా గమనించాలి. సైనికుల మీద కూడా అవే దెబ్బలు పడ్డాయి, అదే ఆకలి, అదే కలరా. కాని వారికి వారి అధికారులున్నారు. వారి డాక్టర్లున్నారు. ఈ రోజు ఎవరు చనిపోయారు, ఏ జబ్బుతో, ఏ శిబిరంలో, ఎక్కడ పూడ్చాము అని రహస్యంగా రాసిపెట్టుకున్నారు. ఆ కాగితాలను వెదురు బొంగుల్లో, సమాధుల్లో దాచారు. యుద్ధం ముగిశాక ఆ కాగితాలే సాక్ష్యమయ్యాయి. థాయ్‌లాండ్‌లోని కాంచనబురిలో ఈ రోజుకీ దాదాపు ఏడు వేల మంది సైనికుల సమాధులు వరుసగా ఉన్నాయి. మన కూలీకి అధికారి లేడు, డాక్టరు లేడు, మస్టరు లేదు. అందుకే చచ్చినవారి లెక్క కూడా ఇప్పటికీ కుదరలేదు. టోక్యో కోర్టు తీర్పులో పనిచేసిన కూలీలు సుమారు లక్షన్నర అనీ, చచ్చినవారు కనీసం 60,000 అనీ ఉంది. తరువాతి పరిశోధకులు పనివారి సంఖ్య రెండు లక్షలకు పైమాటే అంటారు, చావులు 90,000 దాకా అంటారు. ఈ రెండు లెక్కల మధ్య ముప్పయి వేల మంది మనుషులు తేడా. ఆ తీర్పు మన వాళ్లను 'తమిళులు' అన్న ఒక్క మాటలో చేర్చేసింది. అందులో తెలుగు కూలీ అనే మాట లేదు.

ఇప్పుడు కోర్టు సంగతికి వద్దాము.

1946 మే 3న టోక్యోలో పదకొండు దేశాల న్యాయమూర్తులతో అంతర్జాతీయ సైనిక న్యాయస్థానం విచారణ మొదలుపెట్టింది. జర్మనీ నాజీ నాయకులపై నూరెంబర్గ్‌లో అప్పటికే విచారణ నడుస్తోంది. టోక్యోలో ముద్దాయిలు 28 మంది. మంత్రులు, జనరళ్లు, రాయబారులు. ముఖ్యుడు యుద్ధకాలపు ప్రధానమంత్రి హిడెకి టోజో. ఆయన యుద్ధ మంత్రి కూడా. 1948 నవంబరులో తీర్పు వెలువడింది. డిసెంబరు 23న టోజోతో సహా ఏడుగురిని ఉరితీశారు.

టోజో మీద రుజువైన వాటిలో ఈ రైలుమార్గం కూడా ఉంది. బందీలను ఆ పనిలో వాడమని సలహా ఇచ్చినవాడు ఆయనే అని కోర్టు తేల్చింది. వసతికీ తిండికీ ఏర్పాటు చెయ్యలేదనీ, అక్కడ పరిస్థితి బాగాలేదని తెలిశాక ఒక అధికారిని విచారణకు పంపాడనీ, చావుల సంగతి తెలిసింది కాని తీసుకున్న చర్య ఒక్కటేననీ తీర్పులో రాశారు. ఆ ఒక్క చర్య ఏమిటంటే ఒక కంపెనీ కమాండరు మీద కేసు పెట్టటం.

ఈ మాట చదివినప్పుడు మన మిల్లు కార్మికుడికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. కార్డింగు యంత్రానికి గార్డు లేదని ఆరు నెలలుగా చెబుతుంటే వినరు. ఒకరోజు ఒకరి చెయ్యి పోతుంది. సాయంత్రానికి నోటీసు బోర్డు మీద జాబరును సస్పెండు చేసిన కాగితం ఉంటుంది. గార్డుకు డబ్బు మంజూరు చెయ్యనివాడి పేరు ఏ కాగితంలోనూ ఉండదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 'ఆక్యుపయర్' అనే మాట పెట్టింది ఇందుకే. భోపాల్ తరువాత 1987లో దానిని సవరించి, కంపెనీ అయితే డైరెక్టర్లలో ఒకరే ఆక్యుపయర్ అని ఖాయం చేశారు. యాజమాన్యాలు ఊరుకున్నాయా? ఎవరో ఒక మేనేజరు పేరు రాసిస్తాము, కేసులు అతని మీద పెట్టుకోండి అని సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 1996లో జె.కె. ఇండస్ట్రీస్ కేసులో కోర్టు వీల్లేదంది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత కోడ్ అమలులోకి వచ్చింది. దాని మీద మనకున్న అభ్యంతరాలు ముందు సంచికల్లో రాశాము. ఈ ఒక్క సూత్రం మాత్రం అందులోనూ నిలిచింది. టోక్యోలో ఉరికంబం దాకా నడిచింది కూడా ఇలాంటి సూత్రమే. కొట్టినవాడు ఒక్కడే బాధ్యుడు కాదు. కొడుతున్నారని తెలిసి, ఆపగలిగి, ఆపనివాడు బాధ్యుడు.

అయితే ఆ కోర్టులో అంతా సక్రమంగా జరిగిందని మేము చెప్పటం లేదు. చక్రవర్తి హిరోహిటో పేరు మీదనే యుద్ధం నడిచింది. ఆయనను బోను దగ్గరికి కూడా రానివ్వలేదు. జపానును సులువుగా పాలించటానికి అమెరికాకు ఆయన కావలసి వచ్చాడు. టోజో మంత్రివర్గంలో వాణిజ్య, పరిశ్రమల మంత్రి నొబుసుకె కిషి మూడేళ్లు జైలులో ఉండి, టోజోను ఉరితీసిన మర్నాడే విడుదలయ్యాడు. 1957లో జపాన్ ప్రధానమంత్రి అయ్యాడు. ఆ మే నెలలోనే మన దేశానికి వచ్చాడు, ఢిల్లీలో స్వాగతాలు అందుకున్నాడు. ఇంకోవైపు చూడండి. బందీ శిబిరాలకు కాపలాదార్లుగా జపానువారు కొరియా యువకులను పట్టుకొచ్చారు. కొరియా అప్పుడు జపాన్ వలస. యుద్ధ నేరాల కింద శిక్ష పడిన కొరియన్లు 148 మంది. వారిలో 23 మందిని ఉరితీశారు. ఆ కాపలాదార్లు బందీలను కొట్టలేదని కాదు. కొట్టారు. కాని పరిశ్రమల మంత్రికి వర్తించని నేరం కాపలావాడికి ఎట్లా వర్తించింది?

ఈ ప్రశ్నను ఆ కోర్టులోనే ఇంకో రూపంలో లేవదీసినవాడు మన దేశపు న్యాయమూర్తి రాధాబినోద్ పాల్. కలకత్తా హైకోర్టులో పనిచేసినవాడు. పదకొండు మందిలో ఆయన ఒక్కడే ముద్దాయిలందరూ నిర్దోషులని వెయ్యి పేజీలు దాటిన వేరు తీర్పు రాశాడు. గెలిచినవాడు ఓడినవాణ్ణి విచారించటం న్యాయం కాదన్నాడు. నేరం జరిగిన తరువాత చట్టం చేసి శిక్షించరాదన్నాడు. ఆసియాను తుపాకితో ఆక్రమించినవారే ఆక్రమణ నేరమని తీర్పు చెబుతున్నారని ఎత్తిచూపాడు. అణుబాంబు సంగతి ఎత్తాడు. ఇవన్నీ మాకు న్యాయమైన మాటలుగానే కనిపిస్తాయి. ఆ గద్దె మీద కూర్చున్న బ్రిటన్ చేతులు శుభ్రంగా లేవు. మన కూలీలను కంగాణీ చేతిలో పెట్టి మలయా తోటలకు చేర్చిన ఏర్పాటు దానిదే. రైలుమార్గం వేస్తున్న అదే 1943లో బెంగాల్‌లో లక్షల మంది ఆకలితో చస్తుంటే ఏలుతున్నదీ అదే. దానికి ఏ బోనూ లేదు.

కాని పాల్ తీర్పులోని అన్ని మాటలతో మేము ఏకీభవించలేము. జపాన్ సైన్యం దారుణాలు చేసిందని ఆయన ఒప్పుకున్నాడు. రైలుమార్గం మీద బందీలను వాడినందుకు టోజో బాధ్యుడని కూడా ఒప్పుకున్నాడు. అది రాజ్యం చేసిన పని, దానికి ఫలానా మనిషిని నేరస్తుడనలేము అన్నాడు. ఇక్కడే మాకు అడ్డుపడుతుంది. రాజ్యానికి చేతులు లేవు, సంతకం పెట్టే మనిషికే ఉన్నాయి. 'కంపెనీ నిర్ణయం' అనే మాట విని విని చెవులు గడియలు పడినవాళ్లం మనం. ఆ మాట చాటున ఎవరు దాక్కుంటారో మనకు తెలుసు. బ్రిటన్‌ను కూడా బోనెక్కించండి అని పాల్ అడిగివుంటే మేము ఆయన వెనుక నిలబడేవాళ్లం. ఒకడు తప్పించుకున్నాడు కాబట్టి ఇంకొకణ్ణీ వదలండి అంటే, నీకేలో పూడ్చిన కూలీకి ఎవరూ జవాబు చెప్పనక్కరలేదని అర్థం. జపాన్‌లో యుద్ధాన్ని సమర్థించేవారు 2005లో యసుకుని మందిరం ఆవరణలో పాల్‌కు స్మారకం కట్టారు. తోటకూలీకి ఆ ఆవరణలో ఏమీ లేదు.

కూలి బాకీ ఏమయిందో కూడా చెప్పి ఈ పాత కథ ముగిస్తాము. 1952 జూన్ 9న భారతదేశం జపాన్‌తో వేరుగా శాంతి ఒప్పందం చేసుకొని, తన తరఫునా తన పౌరుల తరఫునా యుద్ధ నష్టపరిహారం అక్కరలేదని వదులుకుంది. ఓడిన ఆసియా దేశాన్ని అవమానించరాదన్న ఉద్దేశం గొప్పదే. కాని రోజుకు డాలరు లెక్కన రావలసిన కూలిని వదులుకోమని ఆ కూలీల విధవలు ఎవరికీ పవరాఫ్ అటార్నీ రాసివ్వలేదు. మలేసియా 1967లో రెండున్నర కోట్ల మలేసియా డాలర్లకు ఒప్పుకుంది. అది కూడా డబ్బుగా కాదు, ఓడల రూపంలో. రెండు ఓడలు వచ్చాయి.

ఇక మొదటి ప్రశ్న. దేశాన్ని ఏలినవాణ్ణి ఎట్లా పట్టుకుంటారు?

పావగడ మనుషులకు సరిహద్దు సంగతి కొత్త కాదు. మూడు పక్కలా ఆంధ్ర, మన తాలూకా మన జిల్లాతోనే అతుక్కొని లేదు. దొంగ గట్టు దాటితే పక్క రాష్ట్రం. అయినా పోలీసు దాటి వెళ్లి పట్టుకోవచ్చు, దేశానికంతా చట్టం ఒకటే కనుక. దేశాల మధ్య అలాంటి చట్టం చాలాకాలం లేదు. 1948 జాతి సంహార ఒప్పందం పాలకులైనా సరే శిక్షార్హులేనని రాసింది. మన దేశం 1959లో దానిని ఆమోదించింది. 1998 జూలైలో రోమ్ నగరంలో దేశాలు కూడి శాశ్వత నేర న్యాయస్థానానికి ఒప్పందం రాశాయి. దాని ప్రకారం అధ్యక్షుడన్న హోదా గాని, ప్రధాని అన్న హోదా గాని అడ్డుకాదు. 2002 జూలై 1 నుంచి అది నడుస్తోంది. దానికి సొంత పోలీసు లేదు. డ్యుటెర్టేను పట్టుకున్నది ఫిలిప్పీన్స్ పోలీసే. మాదకద్రవ్యాల మీద యుద్ధమన్న పేరుతో ఆయన ఏలుబడిలో ప్రభుత్వ లెక్కల ప్రకారమే 6,000 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది మురికివాడల పేదలు. ఆయన 2019లో తన దేశాన్ని ఆ ఒప్పందం నుంచి బయటికి లాగాడు. సభ్యత్వం ఉన్ననాటి లెక్క సభ్యత్వం మానితే మాసిపోదని కోర్టు అంది.

ఇంకొక కేసు ఉంది, మాకు అన్నిటికంటె నచ్చినది. ఆఫ్రికాలోని చాద్ దేశాన్ని 1982 నుంచి 1990 దాకా ఏలిన హిస్సేన్ హబ్రే. అతని జైలులో చావు అంచుదాకా వెళ్లి బయటపడినవారిలో సులేమాన్ గెంగెంగ్ అనే ఒక గుమాస్తా ఉన్నాడు. పద్దులు రాయటం ఆయన పని. బయటికి వచ్చాక ఇల్లిల్లూ తిరిగి, ఎవరిని పట్టుకుపోయారు, ఎప్పుడు, ఏం చేశారు అని 792 మంది వాంగ్మూలాలు రాయించి ఇంట్లో దాచాడు. వాటిని పట్టించుకునే కోర్టు దొరకటానికి పాతికేళ్లు పట్టింది. చివరికి సెనెగల్‌లో, ఆఫ్రికా దేశాలే పెట్టుకున్న ప్రత్యేక కోర్టులో 2016 మే 30న హబ్రేకు యావజ్జీవ శిక్ష పడింది. తెల్లవాళ్ల కోర్టు అనే వాదానికి అక్కడ చోటు లేకపోయింది.

ఇవి గెలిచిన కేసులు. ఓడినవీ చెప్పాలి. రష్యా అధ్యక్షుడు పుతిన్ మీద 2023 మార్చిలో వారంటు వచ్చింది. 2024 సెప్టెంబరులో ఆయన మంగోలియా వెళితే సభ్యదేశమై ఉండీ అది పట్టుకోలేదు. ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు మీద 2024 నవంబరు 21న వారంటు వచ్చింది. 2025 ఏప్రిల్‌లో హంగరీ ఆయనకు ఎర్ర తివాచీ పరచి, ఆ రోజే ఒప్పందం నుంచి తప్పుకుంటామని ప్రకటించింది. పుతిన్ వారంటుకు చప్పట్లు కొట్టిన అమెరికా నెతన్యాహు వారంటు తరువాత ఆ కోర్టు న్యాయమూర్తుల మీదనే ఆంక్షలు పెట్టింది. పాల్ అడిగిన ప్రశ్న ఇంకా బతికే ఉంది.

మన దేశం సంగతేమిటి? 1998లో రోమ్‌లో భారత్ ఓటు వెయ్యకుండా ఊరుకుంది. ఇప్పటికీ చేరలేదు. కేసు పంపటానికీ ఆపటానికీ భద్రతా మండలికి అధికారమిచ్చారనీ, అణ్వాయుధ ప్రయోగాన్ని నేరాల జాబితాలో చేర్చలేదనీ మన ప్రతినిధులు చెప్పిన అభ్యంతరాలు. అవి సబబైనవే, వాటిని మేము తేలిక చెయ్యటం లేదు. కాని బయటి కోర్టు వద్దంటే ఇంట్లో చట్టమైనా ఉండాలి గదా? 1984 ఢిల్లీ సిక్కుల ఊచకోత కేసులో 2018 డిసెంబరు 17న సజ్జన్ కుమార్‌కు శిక్ష వేస్తూ ఢిల్లీ హైకోర్టు చెప్పిన మాట ఇది: మానవాళిపై నేరం గాని, జాతి సంహారం గాని మన నేర చట్టంలో లేవు, ఈ లోటు తీర్చాలి. ఆ తరువాత శిక్షాస్మృతినే మార్చి 2024 జూలై 1 నుంచి కొత్త న్యాయ సంహిత తెచ్చారు. అందులోనూ ఆ రెండు మాటలు లేవు. 1959లో ఒప్పుకున్న బాధ్యతకు ఇన్ని దశాబ్దాలుగా చట్టం లేదు. ఈ లోటు పూడ్చాలని, పైనుంచి ఆజ్ఞ ఇచ్చినవాడిని, తెలిసి ఆపనివాడిని కూడా బాధ్యుడిని చేసే సెక్షను అందులో ఉండాలని మన సంఘం తరఫున కోరుతున్నాము. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ మేరకు తీర్మానం ప్రవేశపెడతాము. వ్యతిరేకించే సభ్యులు కూడా వచ్చి తమ మాట చెప్పాలి.

ఇంకొక మనవి. మన మిల్లుల్లో ఉత్తరాంధ్ర నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన కార్మికులు ఉన్నారు. తాతల కాలంలో మలయాకో బర్మాకో పోయి తిరిగి రానివారు మీ ఇంట ఎవరైనా ఉంటే వారి పేరు, ఇంటిపేరు, ఊరు, తెలిస్తే తోట పేరు, చివరి ఉత్తరం వచ్చిన సంవత్సరం ఒక కాగితం మీద రాసి సంఘం ఆఫీసులో ఇవ్వండి. అన్నీ తెలియకపోయినా పరవాలేదు, తెలిసినంత చాలు. అందుకోసం ఒక పుస్తకం తెరిచాము.